మూడో పాఠంవాళ్ళు

ముప్ఫై ఎనిమిదో పేపరు దగ్గర టీచరుకు నవ్వు ఆగలేదు.

"ఏంటి మేడమ్, ఒక్కరే నవ్వుకుంటున్నారు?" అన్నాడు లెక్కల మాస్టారు, స్టాఫ్‌రూము కిటికీ దగ్గర టీ ఊదుకుంటూ.

"మా గంట ఏం రాసిందో చూడండి."

గంట అంటే ఐదో తరగతిలో రెండో బెంచీ పిల్ల. ఆ పిల్ల ఇక్కడ 'ప్రెజెంట్ టీచర్' అంటే పక్క సెక్షన్లో కూడా హాజరు పడిపోతుందని పెద్దసారు ఓసారి అన్నాడు. ఆ రోజు నుంచీ ఆ పేరే ఉండిపోయింది. ఆ ఏడాదే ఐదో తరగతికి 'మన ఇరుగుపొరుగు' అని కొత్త పుస్తకం వచ్చింది. పాఠానికొక మతం చొప్పున ఆరు పాఠాలు. ఒక్కోదానికి రెండు పేజీలు, ఒక రంగుల బొమ్మ, చివర ఐదు ప్రశ్నలు. నెల తిరిగేసరికి పిల్లలు మతాల పేర్లు గాలికొదిలేశారు. "మా పాలాయన రెండో పాఠం టీచర్!" "మా మావయ్య ఐదో పాఠం అత్తని చేసుకున్నాడు టీచర్!" అంటూ నెంబర్లతోనే పని జరుపుకుంటున్నారు. గంటవాళ్ళది మూడో పాఠం.

మూడో పాఠంలోని మతంవారు ఎలా ప్రార్థిస్తారు? ఇదీ ప్రశ్న. పుస్తకంలో జవాబు ఒక్క వాక్యం: మౌనంగా, కళ్ళు మూసుకుని. గంట మాత్రం పెన్సిలు మొన విరిగేలా నొక్కి ఇలా రాసింది: 'గట్టిగా అరుస్తారు. అందరికంటే గట్టిగా మా తాత. కళ్ళు మూసుకోరు. మూసుకుంటే ఎదుటివాళ్ళ నోరు ఎలా కనపడుతుంది?'

మాస్టారు టీ చొక్కా మీద పోసుకున్నాడు. టీచరు కళ్ళు తుడుచుకుని, ఎర్ర పెన్నుతో జవాబును కొట్టేసి, పక్కన సున్నా చుట్టి, తర్వాతి పేపరు తీసింది. అది కొత్తమ్మాయిది. చేరి రెండు నెలలైనా, అడిగితే తప్ప పెదవి విప్పని పిల్ల. 'మౌనంగా, కళ్ళు మూసుకుని' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పూర్తి మార్కులు.

మర్నాడు పేపర్లు పంచుతూ టీచరు చేయకూడని పని ఒకటి చేసింది. గంట జవాబును పైకి చదివింది. నలభై ఇద్దరు పిల్లలూ బెంచీలు చరిచి నవ్వారు. గంట నవ్వలేదు. లేచి నిలబడింది.

"అది తప్పెట్లా అవుద్ది టీచర్?"

"పుస్తకంలో ఏముందో అది రాయాలి కదమ్మా."

"మా ఇంట్లో ఏం చేస్తామో మాకు తెలీదా? పుస్తకానికి తెలుసా?"

"పుస్తకం పెద్దవాళ్ళు రాశారు."

"ఆ పెద్దవాళ్ళని ఓసారి మా ఇంటికి రమ్మనండి మరి," అంది గంట. అంత పెద్ద గొంతూ చివర్లో సన్నగా వణికింది. కూర్చుని, పేపరును నాలుగు మడతలు పెట్టి, దాని మీద మోచేయి ఆనించి, బెల్లు కొట్టేదాకా తల ఎత్తలేదు.

ఆ వణుకు టీచరు చెవిలోంచి పోలేదు. తర్వాతి పీరియడ్లో పద్యం చెబుతుంటే అదే. మధ్యాహ్నం డబ్బా విప్పితే అదే. చివరి బెల్లు కొట్టాక సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర గంటను ఆపింది.

"పుస్తకం రాసినవాళ్ళు దొరకలేదు. నేనొస్తే సరిపోద్దా?"

గంట ఆమెను కిందికీ పైకీ చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నడక కాదది, పరుగే.

రేకుల వీధి మలుపు తిరక్కముందే చెప్పులకింద నేల అదరడం తెలిసింది. రెండువైపులా రేకు పని చేసే కొట్లు. బకెట్లు, గరాటులు, నీటితొట్లు, పొగగొట్టాలు. ప్రతి కొట్లోనూ ఒక దాగలి, దాని మీద రేకు, రేకు మీద సుత్తి. ఒక దెబ్బ ఆగేలోపు పది దెబ్బలు. గంట ఏదో చెబుతోంది, పెదవులు కదులుతున్నాయి, టీచరుకు ముక్క వినపడలేదు. ఈ పిల్లకి ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

తాత ఒక గరాటు అంచు మడుస్తున్నాడు. ఎడమచేత్తో రేకును వేలెడంత తిప్పడం, కుడిచేత్తో ఒక దెబ్బ. మళ్ళీ తిప్పడం, మళ్ళీ దెబ్బ. మనవరాలు ఎదురుగా వెళ్ళి నోరు పెద్దగా తెరిచి "మా టీచర్!" అంటే, ఆయన ఆ నోటినే చూసి, సుత్తి కింద పెట్టి, ఒక కొత్త బకెట్టును బోర్లించి తుడిచి పీటలా వేశాడు.

"కూర్చో టీచరమ్మా! సరిగ్గా వేళకే వచ్చావ్!" ఆ అరుపుకు టీచరు ఉలిక్కిపడి బకెట్టు మీద కూలబడింది.

ఐదున్నరకి సుత్తులు ఒక్కసారిగా ఆగాయి. కొట్లలోంచి ఆడామగా ముప్ఫైమంది దాకా వచ్చి గుండ్రంగా నిలబడ్డారు. ఎవరికి ఎవరూ అడ్డం లేకుండా, ప్రతివాళ్ళకీ ప్రతివాళ్ళ మొహం కనపడేలా సర్దుకున్నారు. ఒకామె చేతులు చాచి అరిచింది. "మా చెల్లెలికి జ్వరం తగ్గింది!"

"విన్నాం!" అన్నారు ముప్ఫైమందీ. పైన చూరు రేకులు గలగలమన్నాయి.

"నా వేలు తెగింది! పని రెండ్రోజులు ఆగాలి!"

"విన్నాం!"

"మా ఆవిడ అలక తీరలేదు!"

"విన్నాం, విన్నాం!" ఈసారి నవ్వులు కూడా.

టీచరు పక్కనున్న తాత వైపు తిరిగి, నోరు బాగా తెరిచి అడిగింది. "ఇంత గట్టిగా దేనికి తాతగారూ? దేవుడికి వినపడదనా?"

"దేవుడికేం, బ్రహ్మాండంగా వినపడుద్ది! వినపడంది మాకు! ఈ సుత్తులు మా అందరి చెవులూ తినేశాయి. పక్కోడి కష్టం నా చెవిన పడకపోతే నేను ప్రార్థించినట్టా టీచరమ్మా? చెవిటోడి ముందు శంఖం అంటారే... ఇక్కడ చెవిటోళ్ళమూ మేమే, శంఖాలూ మేమే!"

గంట మోచేత్తో పొడిచింది. "మీరూ చెప్పాలి టీచర్. వచ్చినోళ్ళు చెప్పాలి."

టీచరు లేచింది. క్లాసులో బెత్తం లేకుండా నలభై ఇద్దర్ని అదుపులో పెట్టే గొంతు ఇక్కడ పిల్లికూతలా వచ్చింది. మళ్ళీ ఊపిరి తీసుకుని అరిచింది. "ఇవాళ నేను ఈ పిల్లకి అన్యాయం చేశాను!"

"విన్నాం!"

ఆ ఒక్క మాటకు గుండెల మీది రాయి దించినట్టయింది. గంట పళ్ళన్నీ బయటపెట్టి తాత భుజం మీద గుద్దుతోంది.

*

"గొంతేమైందే, కప్ప మింగినట్టుంది?" అంది అత్తగారు, తలుపు తీస్తూనే.

"అరిచానత్తయ్యా! వీధి వీధంతా వినేలా అరిచాను!" చెప్పులు విడవకుండానే జరిగిందంతా చెప్పింది టీచరు. పదేళ్ళ పిల్లలా చేతులు ఊపుతూ చెప్పింది. అత్తగారు కూరగాయల కత్తి పక్కన పెట్టి విని, "అయితే మిగతా అయిదు పాఠాలూ ఎవరిని అడిగి రాశారో?" అంది.

టీచరు ఆమెను అమాంతం కావిలించుకుంది. "అదే! అదే అత్తయ్యా!"

బుధవారం పొద్దున ఆమె గంట పేపరు తీసుకుని, సున్నాను కొట్టేసి, పదికి పది వేసి, తప్పు తనదని నలభై ఇద్దరి ముందూ చెప్పింది. టీచరు తప్పు ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు పుస్తకాలు మూసేయండి. రేపటికల్లా ఒక్కొక్కరూ ఒక మనిషిని పట్టుకోండి. ఏ పాఠం మనిషైనా సరే. మీరెలా ప్రార్థిస్తారు, ఎందుకలా, అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి. శుక్రవారం గోడలనిండా అంటిద్దాం!"

క్లాసు నిమిషంలో సంతయిపోయింది. బస్సు కండక్టరు నావాడంటే నావాడని ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఆ గోలకి పెద్దసారు గుమ్మంలోకి వచ్చి, టీచరును వరండాలోకి పిలిచాడు.

"మేడమ్, పేపరు పైనుంచి వస్తుంది. పుస్తకంలో ఉన్నది రాస్తేనే మార్కు. వీధిలో విన్నది రాస్తే పిల్లలు గల్లంతైపోతారు."

"పుస్తకంలో ఉన్నదే రైటన్నందుకు ఒక పిల్ల ఇల్లు అబద్ధమైపోయింది సార్."

"మతాల సంగతి. ఏ పుట్టలో ఏ పాముందో మనకెందుకు చెప్పండి?"

"ఉన్నది పాములు కాదు సార్, మనుషులు. నేను నిన్న చూసొచ్చాను."

పెద్దసారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "శుక్రవారం నేనే వచ్చి చూస్తా. గోల తప్ప ఏం కనపడకపోతే ఈ పీరియడ్ లెక్కలకిచ్చేస్తా. లెక్కల మాస్టారు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

గురువారం పీరియడ్ మొదలవకముందే పిల్లలు కాగితాలు ఊపుతూ బల్ల చుట్టూ మూగారు. కండక్టరు మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకానిస్తాడట. "రోజంతా అందరి తలలకంటే ఎత్తులో నిలబడే ఉద్యోగం కదా, అలా వంగితే ప్రాణానికి హాయిగా ఉంటుందన్నాడు టీచర్!" మందులషాపు అక్క ప్రార్థన మధ్యలో మర్చిపోతే మళ్ళీ మొదటికి రాదట, ఎక్కడ మర్చిపోయిందో అక్కడ క్షమించమని అడిగి ముందుకెళ్ళిపోతుందట. మంగలిషాపాయన సంగతి అన్నిటికన్నా గడబిడ చేసింది. "నాకే దేవుడూ లేడు, నన్నే పాఠంలో పెడతారో పెట్టుకోండి," అన్నాడట గడ్డం గీస్తూనే. ఆయన ఏ పాఠమో తేలక పావుగంట కొట్లాడి, చివరికి పిల్లలే ఆయన కోసం 'ఏడో పాఠం' అని కొత్త చార్టు మొదలుపెట్టారు. టీచరు బల్ల నుంచి బల్లకి పరుగెత్తుతోంది. జిగురు చీర కొంగుకి అంటింది, చాక్‌పీసు జుట్టులో ఇరుక్కుంది, అయినా కాలు నిలవడం లేదు.

మూడో పాఠం చార్టు పెత్తనం గంటది. టీచరే ఇచ్చింది, ఎర్ర పెన్నుతో సహా. గంట స్టూలెక్కి, వచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ చదివి, "ఇది రైటు, అంటించు," "ఇందులో విన్నాం అనేది రాయలేదు, మళ్ళీ రాయి," అని హుకుం జారీ చేస్తోంది. కొత్తమ్మాయి వరసలో చివర నిలబడి, తన వంతు రాగానే కాగితం అందించింది.

గంట చదివి, స్టూలు మీదే గిర్రున తిరిగింది. "టీచర్! ఇది చూడండి! మౌనంగా కూర్చుంటారంట, కళ్ళు మూసుకుంటారంట! ఎవర్నీ అడగలేదు టీచర్, పుస్తకంలోంచి దించేసింది!" అంటూ ఎర్ర పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత గీకేసింది. పక్కవాళ్ళు పకపకా నవ్వారు.

టీచరు అటువైపున జిగురు డబ్బా మూత పెట్టలేక అవస్థపడుతోంది. తల తిప్పి, నవ్వుతూనే అంది. "పుస్తకంలోది వద్దమ్మా. మనుషుల్ని అడగమన్నాను కదా. పోనీలే, సాయంత్రం రాసుకురా."

కొత్తమ్మాయి ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. రేకుల వీధిలోలాగే ఆ గోలలో ఏమీ వినపడలేదు. కాగితాన్ని వెనక్కి తీసుకుని, మడతలు పడకుండా పుస్తకంలో పెట్టుకుని, వెళ్ళి తన బెంచీలో కూర్చుంది.

*

శుక్రవారం టీచరు ముప్పావుగంట ముందే బడికొచ్చింది. గంట అంతకన్నా ముందే వచ్చి చార్టులు సర్దుతోంది. గోడలు రంగులతో వెలిగిపోతున్నాయి. ఇద్దరూ కలిసి ఆఖరి చార్టు మూలలు నొక్కుతుండగా గుమ్మంలో ఒకామె వచ్చి నిలబడింది. తెల్ల యూనిఫాం, అలసిన కళ్ళు. చేతిలో ఒక కాగితం.

"నేను కొత్తగా చేరిన అమ్మాయి వాళ్ళ అమ్మని మేడమ్. ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ దిగి ఇటే వచ్చాను." కాగితం బల్ల మీద పెట్టింది. అడ్డంగా ఎర్ర గీత. "నిన్న తను భోంచెయ్యలేదు. ఎందుకే అంటే ఇది చూపించింది. కాపీ కొట్టలేదు మేడమ్. మీరు ఎవరో ఒకర్ని అడగమన్నారట. తను నన్నే అడిగింది."

టీచరు చేతిలోని చార్టు మూల జారిపోయింది. "అంటే మీరు... మూడో పాఠమా?"

"మాకో పేరుంది మేడమ్," అంది నర్సమ్మ మెల్లగా. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టుగా.

ఆ పేరు టీచరుకు తెలుసు. పిల్లలతోపాటు తానూ ఎప్పుడు పలకడం మానేసిందో తెలియలేదు. కాగితం ఎత్తి, ఈసారి నిలబడి పూర్తిగా చదివింది. 'అమ్మ ఆసుపత్రిలో రోజంతా మూలుగులు వింటుంది. అందుకని మేము మౌనంగా కూర్చుంటాం. మా పాత ఊళ్ళో అందరూ అలాగే. కళ్ళు మూసుకుంటాం. పక్కవాళ్ళ ఊపిరి వినపడేదాకా కూర్చుంటాం.' ఇందులో రెండు వాక్యాలే పుస్తకంలో ఉన్నవి. మిగతా మూడు వాక్యాలూ నిన్న ఎవరూ చదవలేదు. గంట చదవలేదు, తానూ చదవలేదు.

"తప్పు గంటది కాదండీ," అంది టీచరు. "పెన్ను నేనిచ్చాను. సోమవారం మీ అమ్మాయికి పూర్తి మార్కులేశాను కానీ, ఆ మార్కులు పుస్తకానికి వేశాను, తనకి కాదు. మీ అమ్మాయిని నేను చూడనే లేదు."

నర్సమ్మ కళ్ళల్లో ఒక్కసారిగా నీళ్ళు తిరిగాయి. తల ఊపి, తుడుచుకుంది.

గంట చార్టు వెనకాల రాయిలా నిలబడిపోయింది. మంగళవారం తన పేపరు మీద మోచేయి ఆనించి కూర్చున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది మొహం. వరండాలో తల్లి కోసం ఆగిన కొత్తమ్మాయి దగ్గరకు చరచరా వెళ్ళింది. క్షమించమంటుందేమో అనుకుంది టీచరు. గంట అడిగింది వేరే.

"మీరు నోళ్ళు తెరవకపోతే ఎవరికేం కష్టమొచ్చిందో ఎట్లా తెలుస్తుందే?"

కొత్తమ్మాయి తలెత్తి గంట మొహం చూసింది. "పక్కనే కూర్చుంటాంగా. తెలిసిపోద్ది."

"నిజంగా?"

"నిజంగా."

గంట లోపలికొచ్చి, తన చార్టు మీది కాగితాలన్నీ ఎడంవైపుకి జరపడం మొదలుపెట్టింది. గోళ్ళతో జిగురు పీకుతూ, చిరిగినచోట నాలుక కరుచుకుంటూ, కుడివైపు సగం ఖాళీ చేసింది. కొత్తమ్మాయి కాగితాన్ని గీత కనపడేలాగే అక్కడ అంటించి, కింద రాసింది: 'ఈ గీత నేను గీశాను. గీత తప్పు. కాగితం రైటు.'

పదకొండింటికి పెద్దసారు వచ్చాడు. పిల్లలు ఆయన్ని చార్టు నుంచి చార్టుకి చేతులు పట్టి ఈడ్చారు. మంగలాయన ఏడో పాఠం దగ్గర ఆయన మీసాల్లో నవ్వు దాచుకోవడం అందరూ చూశారు. మూడో చార్టు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. ఎడంవైపు చదివాడు. కుడివైపు చదివాడు. గీతా, దాని కింది మూడు వాక్యాలూ చదివాడు.

"పరీక్షలో ఏది రాస్తే మార్కు వెయ్యాలి మేడమ్?"

"ఎవర్ని అడిగి రాశారో ఆ మనిషి కూడా ఉండాలి సార్ జవాబులో. ఆ మనిషి లేకపోతే మార్కు కోస్తాను."

"పైవాళ్ళు అడిగితే?"

"ఈ చార్టు పట్టుకుని నేనే వెళ్తాను సార్."

పెద్దసారు గోడలన్నీ మరోసారి కలయజూశాడు. "లెక్కల మాస్టారికి ఏదో ఒకటి చెప్పుకుంటాలెండి," అని గొణిగి వెళ్ళిపోయాడు. ఆయన మెట్లు దిగాడో లేదో, ఐదో తరగతి లేపిన కేకకి కిటికీ మీది పావురాలన్నీ లేచిపోయాయి.

సాయంత్రం గేటు దగ్గర గంట కొత్తమ్మాయిని ఒకచేత్తో, టీచరును ఒకచేత్తో పట్టుకుంది. "మా తాతకి చూపించాలి. వీళ్ళ పద్ధతి. ఇవాళే." నర్సమ్మ నిద్ర లేచి కూతురి కోసం వచ్చి ఉంది. ఆమెనూ వదల్లేదు.

రేకుల వీధిలో ఐదున్నరకి సుత్తులు ఆగాయి. గుండ్రంగా నిలబడ్డవాళ్ళ మధ్య తాత ముందుకి వెళ్ళి, మనవరాలు అరిచి అరిచి చెప్పిందంతా ఆమె నోట్లోంచే చూసి విన్నాడు. కొత్తమ్మాయి వైపు తిరిగాడు. పిల్ల బెదిరి తల్లి కొంగు పట్టుకుంది. తాత చుట్టూ ఉన్నవాళ్ళకి కూర్చోమని చేత్తో సైగ చేశాడు. ముప్ఫైమందీ బోర్లించిన బకెట్ల మీదా, దాగళ్ళ మీదా, నేల మీదా కూర్చున్నారు. నర్సమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఎదుటివాళ్ళ నోటిని చూడటం మానేసి, వాళ్ళూ మూసుకున్నారు.

టీచరు మూసుకోలేకపోయింది. చూస్తూ ఉంది. కళ్ళు మూసినందుకు మొదట అందరి మొహాల్లోనూ ఒక గాభరా కనిపించింది, చీకట్లో మెట్టు వెతుక్కునేవాళ్ళలా. తర్వాత ఒకామె చెయ్యి తడుముకుంటూ పక్కామె మోకాలి మీద పడింది. అక్కడే ఉండిపోయింది. వేలు తెగినాయన భుజం పక్కాయన భుజానికి ఆనింది. గంట రెండుచేతులతో నోరు నొక్కుకుని ఎర్రగా ఉబ్బిపోయి, అయినా, కిక్కురుమనకుండా కూర్చుంది.

ఎంతసేపో ఎవరూ చూసుకోలేదు. తాత కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి. ఆయన నర్సమ్మ వైపు వంగి, గొంతు తగ్గించాననుకుని, వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు.

"ఈ నిశ్శబ్దం నాకు రోజూ ఉండేదే తల్లీ! ఇంతమందితో కలిసి మాత్రం ఎప్పుడూ లేదు!"

నర్సమ్మ కళ్ళు తెరవలేదు. కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, పక్కకి జరిగి, ఆయనకి తన పక్కన చోటిచ్చింది.